వదిలేసిన స్టీల్ తెరచాప పడవను బాగుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెదర్లాండ్స్, ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో ఏ పాత బోట్ యార్డుకు వెళ్లినా వెనక వరసలో, మోకాలెత్తు గడ్డిలో, స్టాండుల మీద ఒకటో రెండో స్టీల్ తెరచాప పడవలు కనిపిస్తాయి. యజమానికి వయసు మీద పడడమో, సగంలో డబ్బు చాలకపోవడమో, మనిషే పోవడమో జరిగి ఉంటుంది. 1970లు, 80లలో యూరప్‌లో ఇలాంటి పడవలు చాలా కట్టారు. డ్రాయింగులు కొనుక్కుని ఇంటి పెరట్లోనే సొంతంగా వెల్డింగ్ చేసుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఇప్పుడు వదిలేసినవీ ఎక్కువే.

నేను విశాఖలో వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ పని నేర్చుకుని నెదర్లాండ్స్‌కి వచ్చాను. ఫ్రీస్‌లాండ్‌లో అలాంటి పడవ ఒకటి తీసుకుని నేనూ మా ఆవిడా బాగుచేస్తున్నాం. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఇక్కడి తెలుగువాళ్లూ, ఊళ్లో స్నేహితులూ అడుగుతున్న ప్రశ్నలకు జవాబులివి. పది నుంచి పదమూడు మీటర్ల పొడవున్న పడవలను దృష్టిలో పెట్టుకుని రాశాను.

యార్డులో ఏళ్ల తరబడి పడి ఉంది, అడిగేవాళ్లే లేరు. తీసేసుకోవచ్చా?

వద్దు. అడిగేవాళ్లు లేనంత మాత్రాన యజమాని లేనట్టు కాదు. హక్కు వారసులదో, అప్పిచ్చిన బ్యాంకుదో అయి ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో అయితే ఎవరూ తీసుకెళ్లని పడవను 1977 నాటి చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి యార్డు అమ్ముకోవచ్చు. అలా కొంటే ఆ నోటీసు కాగితాల నకళ్లు మీ చేతికి రావాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవను మీరు స్వాధీనంలోకి తీసుకుంటే అక్కడే 28 రోజుల్లోగా రిసీవర్ ఆఫ్ రెక్ అనే అధికారికి తెలియజేయాలి. దొరికింది కాబట్టి నాదే అంటే కుదరదు.

ఏ దేశంలోనైనా అమ్మకపు పత్రం లేకుండా డబ్బు ఇవ్వకండి. యూరోపియన్ యూనియన్‌లో వ్యాట్ కట్టిన రుజువు కూడా అడగండి. యార్డు అద్దె బకాయి ఎంతో రాతపూర్వకంగా తెలుసుకోండి. కొన్ని రకాల బకాయిలు యజమాని మారినా పడవతో పాటే వస్తాయి. ఒక్క యూరోకి ఇస్తామనే పడవ వెనక అసలు ధర ఆ బకాయిలోనే ఉంటుంది.

బయటంతా తుప్పు పట్టి భయంకరంగా ఉంది. అసలు బాగవుతుందా?

బయట తుప్పు చూసి భయపడకండి. ఇనుము తుప్పుగా మారినప్పుడు చాలా రెట్లు ఉబ్బుతుంది. కాబట్టి వేలి మందాన పెచ్చు ఊడినా పోయిన లోహం ఒక మిల్లీమీటరు పైచిలుకే కావచ్చు. పైగా బయటి తుప్పు కంటికి కనిపిస్తుంది, చెయ్యి పడుతుంది, గీకి రంగు వేయొచ్చు.

స్టీల్ పడవలు లోపలి నుంచి చస్తాయి. ఈ పేజీ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. సముద్రం బయటే ఉంటుంది, దానికి పెయింటు అడ్డం ఉంటుంది. పడవను చంపేది లోపల నిలిచిన నీళ్లు: హ్యాచ్ (డెక్ మీది మూత) అంచునుంచి కారిన వాన, చలికాలంలో గోడలకు పట్టిన చెమ్మ, టాయిలెట్ కింద చుక్కచుక్కగా చేరిన ఉప్పునీళ్లు. చిల్లు పడిన చోట ప్లేటు మార్చడం సగం పనే. అక్కడ నీళ్లు ఎందుకు నిలిచాయో కనిపెట్టి దారి చూపకపోతే, కొత్త ప్లేటుకూ కొన్నేళ్లలో అదే గతి పడుతుంది.

అయితే లోపల ఎక్కడ చూడాలి?

కిందినుంచి మొదలుపెట్టండి. ఫ్లోర్ పలకలు ఎత్తి టార్చి వేసి చూడండి. పడవ అడుగున ఫ్రేముల్లో (లోపలినుంచి పడవ ఆకారాన్ని నిలబెట్టే స్టీలు పక్కటెముకల్లో) చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, నీళ్లు ఒక గదినుంచి ఇంకో గదికి జారి పంపు దగ్గరికి చేరడానికి. మా పడవలో మాస్ట్ (తెరకొయ్య) వెనక ఉన్న ఫ్రేము రంధ్రంలో ఒక రంపపుపొట్టు ముద్ద, దాని మీద డీజిల్ జిడ్డు, ఆపైన వెంట్రుకలు పేరుకుని గట్టి బిరడాలా బిగిసిపోయాయి. దానికి ఇవతల గదిలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, అవతల ఎండు దుమ్ము. ఇవతలి ప్లేటుమీద చిప్పింగ్ సుత్తితో కొడితే తుప్పు పూతరేకుల్లా పొరలు పొరలుగా లేచింది. అవతలి ప్లేటు మీద పాత ఎర్ర ప్రైమర్ చెక్కుచెదరలేదు. రెండిటికీ మధ్య దూరం అరచేయంత కూడా లేదు.

తర్వాత చూడాల్సినవి: లంగరు గొలుసు పెట్టే గది, ఇంజన్ కింద, నీళ్ల ట్యాంకుల వెనక, కిటికీ ఫ్రేముల చుట్టూ, డెక్ అంచున, చుక్కాని గొట్టం చుట్టూ. డెక్ మీద టేకు చెక్క పరిచి ఉంటే అనుమానించండి. మేకుల్లా దిగిన ప్రతి స్క్రూ దగ్గరా కింద స్టీలులోకి నీళ్లు వెళ్లి ఉంటాయి. చెక్క పైకి ఎంత అందంగా ఉన్నా మేమైతే తీసేయమనే చెబుతాం.

గోడలకు చలి ఆగడానికి స్ప్రే ఫోమ్ కొట్టి ఉంటే, అది స్టీలుకు గట్టిగా అతుక్కున్న చోట సాధారణంగా మంచిదే. వదులైన చోట దాని వెనక నీళ్లు చేరతాయి. అక్కడక్కడ కోసి చూడనివ్వని యజమాని దగ్గర కొనకండి.

ప్లేటు మందం ఎలా తెలుస్తుంది?

అల్ట్రాసానిక్ గేజ్‌తో. చేతిలో పట్టేంత పరికరం, ప్లేటుకు ఒక వైపునుంచే మందం చెబుతుంది. పెయింటును వదిలేసి లోహాన్ని మాత్రమే కొలిచే మల్టిపుల్ ఎకో రకం తీసుకుంటే మంచిది. హల్ (పడవ బయటి ఒళ్లు) మీద సుద్దముక్కతో గళ్లు గీసి, ప్రతి గడిలో అంకె రాసి, ఫొటో తీసి, కాగితం మీద పటం వేసుకోండి. నీటి గీత దగ్గర, లోపల నీళ్లు నిలిచే మట్టం దగ్గర గళ్లు ఇంకా దగ్గరగా ఉండాలి.

ఈ పరిమాణం పడవల్లో హల్ ప్లేటు మామూలుగా 4 మిల్లీమీటర్లు, అడుగున 5 లేదా 6, డెక్ 3 దాకా ఉంటుంది. అసలు మందంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు పోయిన చోట ప్లేటు మార్చాలనేది పడవలను తనిఖీ చేసే సర్వేయర్లు సాధారణంగా చూసే లెక్క. గేజ్ ఒక్కదాన్నే నమ్మకండి. సన్నటి గుంటలను అది దాటిపోతుంది. సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. మంచి ప్లేటు ఖంగుమంటుంది, చచ్చిన ప్లేటు దబ్‌మంటుంది. తట్టినప్పుడు చిల్లు పడితే యజమాని బాధపడతాడేమో గానీ, ఆ చిల్లు నీళ్లలో కాకుండా నేల మీద పడినందుకు మీరు సంతోషించాలి.

ఫైబర్ పడవలు ఇన్ని ఉండగా స్టీలే ఎందుకు?

ఎంత పాడైనా కోసి, కొత్త ముక్క వేసి, మళ్లీ అంతే బలంగా చేయొచ్చు కాబట్టి. దీనికి జాషువా కంటే గొప్ప సాక్ష్యం లేదు. ఫ్రెంచి నావికుడు బెర్నార్ మ్వాటెసియె కోసం 1962లో కట్టిన స్టీల్ పడవ అది. కట్టింది సముద్రానికి చాలా దూరంగా ఉన్న షోఫాయ్ అనే ఊళ్లో. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టి రావాలనే గోల్డెన్ గ్లోబ్ పడవ పందెం 1968లో మొదలైంది, అందులో ఆయన దాని మీదే ఒంటరిగా బయల్దేరాడు. గెలిచే అవకాశం ఉన్నా పందెం వదిలేసి, ఇంకా ముందుకు వెళ్లి 1969లో తాహితి చేరాడు. 1982 డిసెంబరులో మెక్సికోలోని కాబో సాన్ లూకాస్ దగ్గర తుఫానులో జాషువా ఒడ్డుకు కొట్టుకుపోయి ఇసుకలో కూరుకుపోయింది. మ్వాటెసియె దాన్ని నామమాత్రపు ధరకు ఇద్దరు కుర్రాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు ఇసుకలోంచి తవ్వి తీసి, సొట్టలు సరిచేసి మళ్లీ నీళ్లలో దింపారు. 1990లో లా రోషెల్‌లోని సముద్ర మ్యూజియం దాన్ని కొన్నది. 1993లో ఫ్రాన్స్ ప్రభుత్వం చారిత్రక సంపదగా గుర్తించింది. ఆ తర్వాత కూడా అది తెరచాప ఎత్తి తిరుగుతూనే ఉంది.

పెద్ద ఓడల్లో గ్లెన్‌లీ కథ కూడా ఇలాంటిదే. 1896లో స్కాట్లండ్‌లో కట్టిన మూడు తెరకొయ్యల స్టీల్ ఓడ. స్పెయిన్ నౌకాదళంలో శిక్షణ నౌకగా పనిచేసి, చివరికి సెవిల్ రేవులో దిక్కులేకుండా పడి ఉంది. 1992లో వేలంలో కొని, మరుసటి ఏడు గ్లాస్గోకి లాక్కొచ్చి బాగుచేశారు. ఇప్పుడు అక్కడి రివర్‌సైడ్ మ్యూజియం పక్కన చూడొచ్చు.

పాత ప్లేటు మీదే కొత్త ప్లేటు వేసి వెల్డ్ చేస్తే సరిపోదా? చవకలో అయిపోతుంది కదా?

కాలువల్లో తిరిగే అడుగు చదునైన పడవలకు అలా చేయడం మామూలే. సముద్రంలోకి వెళ్లే తెరచాప పడవకు మాత్రం నేను ఒప్పుకోను. రెండు ప్లేట్ల మధ్య చెమ్మ చేరితే ఎవరికీ కనపడదు, ఎవరి చెయ్యీ పట్టదు. పైగా బరువు. 4 మిల్లీమీటర్ల ప్లేటు చదరపు మీటరుకు 31 కిలోల పైమాటే. నాలుగైదు చదరపు మీటర్లు అదనంగా కప్పితే ఇద్దరు మనుషుల బరువు శాశ్వతంగా పడవకు కట్టినట్టే.

సరైన పద్ధతి పాడైన భాగం కోసేసి, అదే మందం ముక్క అక్కడ కూర్చోబెట్టడం. కోసే మూలలు గుండ్రంగా ఉండాలి. చదరపు మూల దగ్గర ఒత్తిడి పోగై పగులు మొదలవుతుంది. కోత ఫ్రేము మీదికి కాకుండా రెండు ఫ్రేముల మధ్యకు వచ్చేలా చూసుకోండి. కోసే ముందు మంచి ప్లేటు ఎక్కడ మొదలవుతుందో గేజ్‌తో ఖాయం చేసుకోండి. తుప్పు తిన్న అంచుకు వెల్డ్ పెడితే కరిగి జారిపోతుంది తప్ప పట్టదు.

వెల్డింగ్ నేను నేర్చుకుని చేయొచ్చా?

లోపలి బ్రాకెట్లు, చిన్న చిన్న పట్టీలు చేయొచ్చు. నీళ్లలో మునిగే హల్ ప్లేట్లు మాత్రం అనుభవం ఉన్న వెల్డర్‌తోనే చేయించండి, మీరు పక్కన ఉండి కోయడం, గ్రైండింగ్, అమర్చడం చేయండి. ఖర్చులో పెద్ద భాగం ఆ చాకిరీలోనే ఉంటుంది కాబట్టి అక్కడే మీకు మిగులుతుంది.

పలుచటి ప్లేటుకు వేడి ఎక్కువైతే వంకరపోతుంది. ముందు ట్యాక్‌లు (ప్లేటును పట్టి ఉంచే చిన్న చుక్క వెల్డ్‌లు) వేసి, తర్వాత ఒక చోట కాస్త, ఎదురు చోట కాస్త, చిన్న చిన్న పట్టీలుగా వెనక్కి వేసుకుంటూ రావాలి. ఒకే ఊపులో ఈ చివరినుంచి ఆ చివరిదాకా లాగిన వెల్డర్ పని చూస్తే ఎండలో హల్ మీద అలలు కనిపిస్తాయి, ఆకలి మీద ఉన్న గుర్రం పక్కటెముకలు తేలినట్టు ఫ్రేములు బయటికి తెలుస్తాయి. ఆరుబయట గాలి ఉంటే మిగ్ వెల్డింగ్‌లో రక్షణ గ్యాస్ కొట్టుకుపోయి వెల్డ్ బోలుగా వస్తుంది. అక్కడ రాడ్ వెల్డింగే మేలు. 7018 అనే తక్కువ హైడ్రోజన్ రకం రాడ్లు వాడితే పొడిగా, వేడి పెట్టెలో ఉంచాలి. చెమ్మ పట్టిన రాడ్ వెల్డ్‌లోకి హైడ్రోజన్ చేరుస్తుంది, అది తర్వాత పగులు తెస్తుంది.

నిప్పు సంగతి వేరే చెప్పాలి. వెల్డ్ చేసే చోటికి అవతలి వైపు ఫోమ్, చెక్క, వైర్లు పూర్తిగా తీసేయాలి. పాలీయురేథేన్ ఫోమ్ అంటుకుంటే హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. రెండు మూడు పీల్పులు చాలు మనిషి పడిపోవడానికి. బయట ఒకరు వెల్డ్ చేస్తుంటే లోపల ఒకరు నీళ్ల బకెట్, మంట ఆర్పే సిలిండర్‌తో కూర్చోవాలి. పని ఆపాక కూడా కనీసం ఓ గంట అక్కడే ఉండాలి.

పనిలో అన్నిటికంటే ప్రమాదమైనది ఏది?

మూసి ఉన్న ట్యాంకులోకి, కీల్ (పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన భాగం) లోపలి గదిలోకి దిగడం. తుప్పు పట్టడమంటే ఇనుము ఆక్సిజన్‌ను తినడమే. ఏళ్ల తరబడి బిగించి ఉన్న స్టీల్ గదిలో గాలి ఉన్నట్టే ఉంటుంది, ప్రాణవాయువు చాలినంత ఉండకపోవచ్చు. వాసన రాదు, ఊపిరాడనట్టు కూడా తెలియదు, కళ్లు తిరిగి పడిపోతారు. పడినవాణ్ని తీయడానికి దిగిన రెండోవాడూ పోతాడు. మూత తీసి, బ్లోయర్‌తో బాగా గాలి ఆడించి, ఆక్సిజన్ మీటరుతో చూశాకే దిగండి. బయట ఒకరు ఉండాల్సిందే. ఈ విషయంలో తొందర వద్దు, మొహమాటం అసలే వద్దు.

పాత పెయింటు గీకితే సరిపోతుందా, బ్లాస్టింగ్ చేయించాలా?

హల్ మొత్తం మళ్లీ పెయింటు చేయాలంటే బ్లాస్టింగే. వైర్ బ్రష్‌తో రుద్దితే తుప్పు మెరుస్తుంది గానీ గుంటల్లో అలాగే ఉంటుంది. బ్లాస్టర్‌కు ఎస్ఏ రెండున్నర అని చెప్పండి. దాదాపు తెల్ల లోహం వచ్చేదాకా అన్నమాట, ఈ పనిచేసే వాళ్లందరికీ తెలుసు. మామూలు ఇసుక వాడే వాడిని రానివ్వకండి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. గార్నెట్ వాడతారు. మన శ్రీకాకుళం, భీమిలి తీరాల ఇసుకలో ఎర్రగా మెరిసే ఖనిజాల్లో ఇదీ ఒకటి.

పాత పెయింటులో సీసం, టీబీటీ అనే విషం ఉండే అవకాశం ఎక్కువ. పడవల అడుగుకు టీబీటీ పూయడాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008లో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కట్టిన పడవైతే విషం ఉందనే అనుకుని, కింద టార్పాలిన్ పరిచి, మాస్క్ పెట్టుకుని, పొడి మొత్తం సంచుల్లోకి ఎత్తి యార్డు చెప్పిన చోటే వేయండి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.

పెయింటు ఎన్ని పూతలు (కోట్లు) వేయాలి?

కోట్ల లెక్క కంటే మందం లెక్క ముఖ్యం. నీళ్లలో మునిగే భాగానికి ఎపాక్సీ మొత్తం 300 నుంచి 500 మైక్రాన్లు ఉండేలా చూసుకోండి. బ్లాస్ట్ అయిన రోజే మొదటి కోటు పడాలి. సాయంత్రం మంచు దిగితే తెల్లారేసరికి లోహం మీద నారింజ రంగు పొర లేస్తుంది. స్టీలు వేడి, మంచు బిందువు (గాలిలో తేమ నీళ్లుగా మారే వేడి స్థాయి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. వెల్డ్‌లకు, అంచులకు, మూలలకు ప్రతి కోటుకు ముందు బ్రష్‌తో ఒక పూత వేయండి. పెయింటు ఆరేటప్పుడు పదునైన అంచునుంచి వెనక్కి లాక్కుంటుంది, అందుకే తుప్పు ముందు అక్కడే తలెత్తుతుంది. అంచులను గ్రైండర్‌తో కాస్త గుండ్రం చేయడం ఏ ఖరీదైన పెయింటుకంటే ఎక్కువ పని చేస్తుంది.

లోపల కూడా అంతే శ్రద్ధగా వేయాలి. బయట మెరిపించి లోపల ఒక్క కోటుతో వదిలేసే వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కీల్‌లో సిమెంట్ పోసి ఉంది. తీసేయాలా?

సీసం ముక్కలో ఇనుప ముక్కలో వేసి సిమెంటుతోనో తారుతోనో నింపి ఉంటారు. సిమెంటు స్టీలును గట్టిగా పట్టుకుని, పైన నీళ్లు నిలవకుండా ఉంటే కదిలించకండి. అంచున సందు పడి చెమ్మ కనిపిస్తే తవ్వక తప్పదు. తారు ఉన్న కీల్‌కు బయటినుంచి వెల్డ్ పెట్టకండి, లోపల అంటుకుంటుంది.

జింక్ ముక్కలు ఎందుకు?

హల్‌కు బయట బిగిస్తారు, తుప్పు హల్ బదులు వాటిని తినడానికి. ఉప్పునీళ్లలో జింక్ లేదా అల్యూమినియం, మంచినీళ్లలో మెగ్నీషియం. వాటిమీద పెయింటు పూయకండి. ఒడ్డునుంచి కరెంటు తీసుకునేటట్టయితే గాల్వానిక్ ఐసొలేటర్ (ఒడ్డు తీగ ద్వారా తుప్పు తెచ్చే కరెంటును ఆపే పరికరం) పెట్టించండి, లేదంటే పక్క పడవ తుప్పు ఖర్చు మీ హల్ కట్టాల్సి వస్తుంది. కారులో బాడీనే నెగటివ్ వైరుగా వాడతారు, స్టీల్ పడవలో అలా ఎప్పుడూ చేయకూడదు. రెండు వైర్లూ విడిగా నడపాలి.

ఇంజన్ బిగుసుకుపోయింది.

స్టార్టర్ తిప్పకండి. ఇంజెక్టర్లు తీసి సిలిండర్లలోకి తుప్పు వదిలించే నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, చేత్తో మెల్లగా అటూ ఇటూ కదపండి. నీళ్లు చేరి ఉంటే స్టార్టర్ ఒక్క తిప్పుకే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పాత డీజిల్ మొత్తం తోడి ట్యాంకు కడగండి.

తెరచాపలు, తాళ్లు, మాస్ట్?

మాస్ట్‌ను పట్టి ఉంచే స్టీలు తీగల వయసు తెలియకపోతే మార్చేయండి. పది పదిహేనేళ్లు దాటినవాటికి ఇన్సూరెన్స్ వాళ్లూ ఒప్పుకోరు. తీగ చివర్లలో, బిగింపు లోపలికి వెళ్లే చోట ఒక్క పోగు తెగి ఉన్నా అది పనికిరాదు. తెరచాప గుడ్డను బొటనవేలుతో గట్టిగా తోసి చూడండి. ఎండకు చచ్చిన గుడ్డ కాగితంలా చిరుగుతుంది.

ఖర్చు, కాలం ఎంత?

అంకె చెప్పలేను గానీ నిష్పత్తి చెబుతాను. హల్ పని పూర్తయితే సగం దాటామనుకుంటారు. వైరింగ్, ప్లంబింగ్, ఇంజన్, తీగలు, తెరచాపలు, లోపలి వడ్రంగం కలిస్తే అంతకు మించి అవుతుంది. యార్డు అద్దె, క్రేను ఖర్చు నెలనెలా నడుస్తూనే ఉంటాయి. అన్నీ బాగున్న పడవ కొనడమే ఎప్పుడూ చవక. ఈ పని చేయడంలోనే సంతోషం ఉన్నవాళ్లు మాత్రమే దిగాలి, ఇంట్లోవాళ్ల ఒప్పుదల ముందే తీసుకోవాలి.

హైదరాబాద్‌లో, వైజాగ్‌లో ఉన్నవాళ్లం ఏం చేయగలం?

ముందు తెరచాప నడపడం నేర్చుకోండి. హుస్సేన్ సాగర్‌లో నేర్పే క్లబ్బులు ఉన్నాయి, చిన్న ఫైబర్ డింగీల మీద. గాలి ఎటునుంచి వస్తోందో చెంపకు తెలిసేదాకా అక్కడ తిరిగితే, పెద్ద పడవ మీద ఏం కావాలో మీకే అర్థమవుతుంది. వైజాగ్‌లో అయితే ఓడల రిపేరు తెలిసిన వెల్డర్లకు కొదవ లేదు. వాళ్ల దగ్గర ప్లేటు పని చూసి నేర్చుకుంటే యూరప్‌లో ఏ యార్డులోనైనా అక్కరకొస్తుంది.

ఎప్పుడు వద్దనుకోవాలి?

కీల్ హల్‌కు కలిసే చోట, ఫ్రేముల అడుగు భాగాల్లో, అడుగు ప్లేట్లలో మూడు చోట్లా మందం పోయి ఉంటే. అక్కడ ప్లేట్లు మార్చేటప్పుడు పడవ ఆకారం నిలబెట్టే ఆధారమే ఉండదు. వెల్డ్‌లు మొదటినుంచీ నాసిరకంగా ఉన్న పెరటి పడవ అయినా అంతే. ఎంత అందమైన ఆకారం ఉన్నా వదిలేయండి, ఇంకొకటి దొరుకుతుంది.

నీళ్లలో దింపాక మళ్లీ తుప్పు రాదా?

వస్తుంది. గీత పడిన రోజే గీకి, ప్రైమర్ చుక్క పెట్టేవాళ్లకు చిన్నదిగా వస్తుంది. బిల్జ్‌లో (పడవ లోపలి అడుగున) నీళ్లు ఎప్పుడూ ఉండకూడదు, గుడ్డతో తుడిచినంత పొడిగా ఉండాలి. ఫ్రేముల రంధ్రాల్లో సన్నటి గొలుసు ఒకటి దూర్చి ఉంచండి, నెలకోసారి లాగితే మడ్డి వదులుతుంది. మొదట్లో వేసిన మందం పటాన్ని దాచి, పడవను పైకి ఎత్తిన ప్రతిసారీ అవే గళ్లలో మళ్లీ కొలిచి కొత్త అంకెలు పక్కన రాయండి. ఏ గడిలో అంకె తగ్గుతోందో ఆ గడి వెనక, లోపల, ఎక్కడో నీళ్లు నిలుస్తున్నాయి. అక్కడ ఫ్లోర్ పలక ఎత్తి చూడండి.